మెమొరీ ధరల మంట

ఉల్లిపాయ ధర పెరిగితే ఢిల్లీలో గద్దెలు కదులుతాయి. 1998లో కదిలాయి కూడా. కంప్యూటరు మెమొరీ ధర పెరిగితే మాత్రం పట్టించుకునే నాథుడు లేడు. అది వంటింటి సరుకు కాదు, దాని కోసం రాస్తారోకోలు జరగవు. కానీ 2025 చివరి నెలలలో దాని ధర పెరిగిన వేగం బియ్యానికో పప్పుకో పట్టి ఉంటే దేశం అట్టుడికి ఉండేది. దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్ సంస్థ 32 జీబీ డీడీఆర్-5 మాడ్యూలుకు ఆ ఏడాది సెప్టెంబరులో 149 డాలర్లు తీసుకోగా, నవంబరు నాటికి 239 డాలర్లు అడిగిందని రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించింది. రెండు నెలలలో నూటికి 60 వంతుల పెరుగుదల. మన లెక్కలో సుమారు 13 వేల రూపాయల సరుకు 21 వేలకు చేరిందన్నమాట. ఇది టోకు బేరం. దీనిపై దిగుమతిదారు, పంపిణీదారు, దుకాణదారుల లాభాలు, 18 శాతం జీఎస్టీ కలవాలి. చాలదన్నట్లు డిసెంబరులో డాలరు విలువ 90 రూపాయలు దాటింది. 2026 జనవరి-మార్చి మధ్య సాధారణ మెమొరీ ఒప్పంద ధరలు మరో 55 నుంచి 60 శాతం పెరగవచ్చునని తైవానుకు చెందిన ట్రెండ్‌ఫోర్స్ అంచనా కట్టింది. ఆ అంచనాను కూడా తరువాత పైకే సవరించవలసి వచ్చింది.

మెమొరీ అనేది కంప్యూటరు తన పని పరచుకునే బల్ల వంటిది. బల్ల ఇరుకైతే యంత్రం ఎంత చురుకైనదైనా కాగితాలు తీస్తూ పెడుతూనే పొద్దు పుచ్చుతుంది. అందుకే పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి పోయదలచినవారు ఇన్నేళ్ళుగా చేస్తూ వచ్చిన మొదటి పని మెమొరీ పెంచుకోవడం. అన్నింటికంటె చవక మరమ్మతు కూడా అదే. ఇప్పుడు ఆ చవక మరమ్మతే గుదిబండ అయింది.

ఈ బరువు ఎవరి భుజాన పడుతున్నదో చూడాలి. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళగలిగినవాడు పది దుకాణాలు తిరిగి బేరమాడగలడు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న ఆవపల్లి వంటి ఊరికి ఆ వెసులుబాటు లేదు. రోడ్డు, టవరు, బ్యాంకు అన్నీ ఆలస్యంగా అడుగుపెట్టిన ప్రాంతం అది. అలాంటి చోట కామన్ సర్వీస్ సెంటరులోని కంప్యూటరు ఒక వ్యక్తి సొత్తు అయినా ఊరందరి అవసరం. ఆధార్ పని, కుల ధ్రువపత్రం, పింఛను, విద్యార్థుల దరఖాస్తులు అన్నీ దాని గుండానే నడవాలి. ఆ కేంద్రాన్ని నడిపే యువకుడు ప్రభుత్వ ఉద్యోగి కాడు. యంత్రం తన డబ్బుతో కొనుక్కోవాలి, పనికి ఇంతని నిర్ణయించిన కమీషనుతో దాని ఖర్చు రాబట్టుకోవాలి. కొరియాలో ధర పెరిగిందని అతని కమీషను పెరగదు. మిరప కోతల కాలంలో కూలి కోసం బీజాపూర్ పల్లెల నుంచి తెలంగాణ చేలకు తరలివచ్చే కుటుంబాల పిల్లలకు ఇంటిలో కంప్యూటరు ఎలాగూ ఉండదు. బడిలోనో, ఆ సేవాకేంద్రంలోనో ఉన్నదే వారికి దిక్కు.

ఇంతకూ ఈ ఉపద్రవం ఎక్కడి నుంచి వచ్చింది? యుద్ధం వల్ల కాదు, భూకంపం వల్లా కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి చేలు రొయ్యల చెరువులైన కథ మన రైతులకు కొత్త కాదు. ఎకరానికి ఎక్కువ రాబడి ఎటు ఉంటే భూమి అటు మళ్ళుతుంది. సిలికాను మడులలోనూ అదే జరిగింది. కృత్రిమ మేధకు వాడే యంత్రాలకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమొరీ కావాలి. అదే పరిమాణంలో సాధారణ మెమొరీకి పట్టే సిలికాను కంటె దానికి సుమారు మూడు రెట్లు పడుతుందని తయారీదారు మైక్రానే చెప్పింది. అంటే ఒక బస్తా రొయ్యల కోసం మూడు బస్తాల ధాన్యం వదులుకోవడం. అయినా లాభం అటే ఉన్నది. ప్రపంచ మెమొరీ వ్యాపారంలో నూటికి సుమారు 90 వంతులు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థల చేతిలో ఉన్నది. 2025 అక్టోబరు 1న ఓపెన్‌ఏఐ సంస్థ రెండు కొరియా కంపెనీలతో నెలకు 9 లక్షల సిలికాను పలకల దాకా లక్ష్యంగా ప్రాథమిక అవగాహన కుదుర్చుకున్నది. అదే నెలలో, 2026 సంవత్సరపు తమ ఉత్పత్తి అంతా ముందే అమ్ముడుపోయిందని ఎస్‌కే హైనిక్స్ ప్రకటించింది. డిసెంబరు 3న మైక్రాన్ మరో అడుగు ముందుకు వేసి, సామాన్య కొనుగోలుదారులకు సుమారు 29 ఏళ్ళుగా అమ్ముతూ వచ్చిన క్రూషియల్ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్లు చెప్పింది. చిల్లర బేరాలు ఇక తమకు అక్కరలేదని ఇంతకంటె స్పష్టంగా చెప్పనవసరం లేదు.

పాతతరం సరుకుతో సరిపెట్టుకుందామన్నా కుదరలేదు. డీడీఆర్-4 ఉత్పత్తిని కంపెనీలు తగ్గించుకుంటూ పోవడంతో 2025 మధ్యలో దాని బహిరంగ విపణి ధర కొత్తతరం డీడీఆర్-5ను మించిపోయింది. పాతబడిన కొద్దీ చవక కావడం అనే లోకరీతి తారుమారైంది.

ఈ పరిణామంలో మన పాత్ర కూడా కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించినప్పుడు తెలుగునాట హర్షం వెల్లివిరిసింది. హర్షించవలసిన విషయమే. అయితే అలాంటి కేంద్రాలు దేశదేశాలలో లేస్తున్నందువల్లనే మెమొరీ అక్కడికి తరలిపోతున్నది. విశాఖకు యంత్రాగారం వస్తుంది, విశాఖ విద్యార్థికి లాప్‌టాప్ దూరమవుతుంది. ఇక బస్తరు సంగతి. బీజాపూర్‌కు పొరుగున ఉన్న దంతెవాడ జిల్లాలోని బైలాదిలా ఇనుపరాయి దశాబ్దాలుగా కిరందుల్ నుంచి రైలెక్కి విశాఖ రేవు చేరి జపానుకు, కొరియాకు ఓడలలో వెళ్ళింది. రాయి అమ్మినవారు ఇప్పుడు అదే కొరియా నుంచి వేలెడంత చిప్పును వేల రూపాయలు పోసి కొనుక్కోవలసి ఉన్నది. ఇందులో ఎవరి కుట్రా లేదు. సరుకులో విలువ ఎక్కడ చేరుతుందో తెలియజెప్పే బేరం ఇది.

ఇక కొనదలచినవారి ఎదుట ఉన్న ప్రశ్న: ఇప్పుడే కొనాలా, ఆగాలా? గత చరిత్ర కొంత దారి చూపుతుంది, కొంత తికమకపెడుతుంది. 1993 జూలైలో జపానులోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారం పేలింది. చిప్పులకు తొడుగుగా పోసే రెసిను ప్రపంచ సరఫరాలో సగానికి పైగా అక్కడిదే. వార్త వెలువడిన వారాలలోనే మెమొరీ ధరలు భగ్గుమన్నాయి. తీరా చూస్తే గోదాములలో రెసిను నిల్వలు ఉన్నాయి, ఇతర కర్మాగారాలు ఉత్పత్తి పెంచాయి, భయపడినంత కొరత రాలేదు. గాభరాపడి కొన్నవారే నష్టపోయారు. విండోస్-95 వస్తున్నదని 1995లో కంపెనీలు పోటీపడి ఉత్పత్తి పెంచగా 1996లో ధరలు దాదాపు మూడొంతులు కూలిపోయాయి. 1999 సెప్టెంబరు తైవాన్ భూకంపం తరువాత మరో ఎగుడు, కొన్నాళ్ళకు దిగుడు. 2016 నుంచి 2018 దాకా సాగిన పెరుగుదల కూడా 2019లో చల్లబడింది. 2023లో సరుకు కొనేవారు లేక శాంసంగ్ చిప్పుల విభాగం సుమారు 15 లక్షల కోట్ల వోన్ల నష్టం చవిచూసింది.

ఈ అనుభవాల నుంచి పుట్టిన సలహా ఒక్కటే: ఆగితే తగ్గుతుంది. నలభై ఏళ్ళుగా కంప్యూటరు దుకాణాలలో తెలిసినవారు తెలియనివారికి చెప్పిన మాట ఇదే. అది అబద్ధం కాదు. కానీ ఎన్నాళ్ళు ఆగాలన్నది ఆ సలహాలో ఉండదు. 1993లో సరఫరాకు అడ్డుపడింది ఒక్క కర్మాగారం. అడ్డు తొలగగానే ధర దిగింది. ఈసారి అడ్డు అనేది లేదు, ఉన్న ఉత్పత్తి వేరొకరికి పోతున్నది. చిప్పుల కర్మాగారం కట్టడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అమెరికాలోని ఐడాహోలో మైక్రాన్ కడుతున్న మొదటి కర్మాగారం నుంచి సరుకు 2027 మధ్యకు గాని మొదలు కాదని ఆ సంస్థే చెప్పింది. పైగా 2023 నష్టాలు చవిచూసిన కంపెనీలు మళ్ళీ ఎడాపెడా ఉత్పత్తి పెంచి చేతులు కాల్చుకోవడానికి తొందరపడవు. కృత్రిమ మేధ మోజు హఠాత్తుగా తగ్గితే ధరలు ముందే కూలవచ్చు. ఆ తగ్గుదల తేదీ చెప్పగలమనేవారిని నమ్మకపోవడమే మంచిది.

కనుక ధర ఎప్పుడు తగ్గుతుందో ఊహించి ముహూర్తం పెట్టుకోవడం కంటె, పని ఆగితే పోయేదెంతో లెక్క చూసుకోవడం మేలు. యంత్రం చెడి రోజుకు వంద, రెండు వందలు పోగొట్టుకుంటున్న సేవాకేంద్రం ఏడాదిన్నర ఎదురుచూస్తే మిగిలేది అప్పే. అలాంటివారు కొనవలసిందే. అయితే కొనేటప్పుడు మెమొరీ తరువాత పెంచుకోవడానికి ఖాళీ గూడు ఉన్నదా అని అడిగి చూడాలి. పలుచని లాప్‌టాప్‌లలో చాలా వాటికి మెమొరీని బోర్డు మీదనే అతికించేస్తారు. కొన్ననాటి పరిమాణమే చివరి దాకా గతి. గూడు ఉన్నదాన్ని 8 జీబీతో తీసుకుంటే ధరలు దిగినప్పుడు మరో 8 చేర్చుకోవచ్చు. ఆటల కోసమో, పక్కింటివారికి ఉన్నదనో కొత్తది కొనదలచినవారు మాత్రం ఆగడమే తెలివి. విండోస్-10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా సేవలు ఆపివేయడంతో చాలామంది గత్యంతరం లేక కొత్త యంత్రాల వైపు చూశారు. సొంత వాడకందారులకు 2026 అక్టోబరు 13 దాకా ఏడాది పొడిగింపు ఇచ్చిన సంగతి ఎందరికి తెలిసిందో అనుమానమే. లైనక్స్ మరో దారి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి ఉచిత సాఫ్ట్‌వేరుతోనే పిల్లలకు కంప్యూటరు నేర్పుతున్నాయి. తక్కువ మెమొరీతో నడిచే లైనక్స్ రకాలు కూడా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలు, ఛత్తీస్‌గఢ్ ఆ పాఠం ఇప్పుడైనా చదవవచ్చు. ధర మండుతున్నప్పుడు నకిలీ సరుకు బజారుకెక్కడం సహజం గనుక బిల్లు, హామీపత్రం లేని మెమొరీని చవకని కొనరాదు.

ప్రభుత్వం చేయగలిగింది లేదని ఢిల్లీ పెద్దలు చేతులెత్తేయవచ్చు. దిగుమతి సుంకం తగ్గించి ఆదుకోవడానికి అక్కడ సుంకమే లేదు. 1997 నాటి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరినప్పటి నుంచి దశలవారీగా తగ్గిస్తూ 2005 నాటికి దాన్ని సున్నా చేశాము. గుజరాత్‌లోని సాణంద్‌లో 275 కోట్ల డాలర్లతో మైక్రాన్ తలపెట్టిన కర్మాగారాన్ని చూపి ధైర్యం చెప్పడం కూడా తగదు. ఆ వ్యయంలో 70 శాతం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే. అయినా అక్కడ జరిగేది విదేశాలలో తయారైన చిప్పుల కూర్పు, పరీక్ష మాత్రమే. ఇక మిగిలింది జీఎస్టీ. 2025 సెప్టెంబరు సవరణలలో టీవీలను, ఏసీలను 28 నుంచి 18 శాతానికి దించిన మండలి కంప్యూటర్ల జోలికి పోలేదు. వస్తువు ధర పెరిగితే దానిపై పన్ను రాబడి కూడా తనంతట తాను పెరుగుతుంది. 13 వేల మీద 18 శాతమంటే 2,340 రూపాయలు, 21 వేల మీద 3,780. ఖజానా కోరకుండానే చేరిన ఈ అదనపు రాబడిని పాఠశాలలు, సేవాకేంద్రాలు కొనే యంత్రాలపైనైనా వదులుకోవడానికి మండలికి అభ్యంతరం ఉండకూడదు.

మూడే సంస్థల చేతిలో ఉన్న వ్యాపారంపై ఒక కన్ను వేసి ఉంచడం కూడా అవసరమే. 1999-2002 మధ్య ధరలు కూడబలుక్కుని నిర్ణయించిన నేరానికి 2005లో శాంసంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు అమెరికాలో జరిమానా చెల్లించడానికి ఒప్పుకున్నాయి. నేటి పెరుగుదలకు గిరాకీయే కారణమని కనిపిస్తూనే ఉన్నది. అంతమాత్రాన నిఘా అనవసరమని కాదు. విదేశాలలో జరిగినా మన విపణిని దెబ్బతీసే చర్యలపై విచారణ జరిపే అధికారం 2002 నాటి పోటీ చట్టం 32వ సెక్షను కింద మన కాంపిటీషన్ కమిషనుకు ఉన్నది.

రాష్ట్రాలు చేయవలసిన పని ఇంకా సులువైనది. నిధులు మురిగిపోతాయన్న భయంతో మార్చి నెలాఖరున కంప్యూటర్లు కొనే అలవాటు ఏ కాలంలోనైనా దుబారాయే, ఈ కాలంలో మరీను. ఉన్న యంత్రాలు నడుస్తున్న కార్యాలయాలు కొనుగోళ్ళు వాయిదా వేసి, ఆ డబ్బును అసలు యంత్రమే లేని బడులకు మళ్ళించాలి. పాత అంచనాలతో పిలిచిన టెండర్లకు కాంట్రాక్టరు ముందుకు రాకపోతే నాసిరకానికి తలూపకుండా యంత్రాల సంఖ్య తగ్గించుకోవడం నయం. ఆవపల్లి వంటి చోట సేవాకేంద్రం నడిపేవారికి ముద్రా పథకం శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు హామీ లేని రుణం పొందే వీలున్నది. ఒక యంత్రానికి అది చాలు. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ఈ దరఖాస్తులను ముందు వరుసలో పెట్టించడానికి ఢిల్లీ అనుమతి గాని, కొరియా దయ గాని అక్కరలేదు.