పడవలో చోటు, బరువు

వినోదార్థము చేపలు పట్టు అమెరికా దేశస్థులు తమ చిన్న పడవలలో చోటు చాలదని అరపై అర అమర్చుట పరిపాటియే గాని, నీటిపై చోటుకంటె బరువే ప్రధానమను సత్యమును విస్మరింపరాదు. 20 అడుగులకు లోపుగల సాధారణ మోటారు పడవలపై భారపరిమితిని తెలుపు ఫలకము ఉండవలెనని అచ్చటి నియమములు విధించుచుండగా, దానిని చూడకయే క్రొత్త పెట్టెలు బిగించుట అవివేకము. పడవను మునుగనీయక తేల్చు నురుగుదిమ్మలను కోసి, ఆ చోట గాలపు సామగ్రిని దాచుటయన్ననో, కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయే. బ్యాటరీ, లంగరు వంటి బరువైన వస్తువులను అడుగున, నడుమకు చేరువగా కదలకుండ బిగించి, తేలికైన ఎరల డబ్బాలను ప్రక్కలయందు ఉంచి, గాలపుకర్రలను అంచువెంట కట్టి, లైఫ్‌జాకెట్లను మాత్రము ఏ పెట్టెలోను బంధింపక తక్షణము చేతికందునట్లుంచవలయును. క్రొత్త అరను కొనుటకు ముందు, అక్కరకు రాని సామగ్రిని ఒడ్డుననే దింపివేయుట ఉత్తమమైన సర్దుబాటని నా నిశ్చితాభిప్రాయము.