తోలు సందులో దూరిన ప్రశ్న
రాబర్ట్ బాయిల్ గాలిపంపులో పిస్టన్‌కి తోలు చుట్టి ఉండేది. ఎంత నూనె పోసినా దాని అంచుల్లోంచి కాస్త గాలి లోపలికి దూరేది. 1660లో ఆయన ప్రయోగాల పుస్తకం వస్తే, మరుసటి ఏడే థామస్ హాబ్స్ సరిగ్గా ఆ సందు దగ్గరే నిలదీశాడు: గాలి దూరే పంపుతో శూన్యం ఉందని ఎలా నిరూపిస్తారు? సైన్సు చరిత్రలు హాబ్స్‌ని ప్రయోగాలంటే గిట్టని తత్వవేత్తగా తేల్చేసి ముందుకెళ్తాయి. శూన్యమే ఉండదన్న విషయంలో హాబ్స్ తప్పే, పేచీ లేదు. జవాబు తప్పయితే ప్రశ్న కూడా తప్పయిపోవాలా? పరికరాన్ని ఎంత నమ్మాలన్న ఆ ప్రశ్న మళ్ళీ ఎదురైంది: 2011లో సెర్న్ ప్రయోగశాల నుంచి సుమారు 730 కిలోమీటర్ల అవతల ఇటలీలోని గ్రాన్ సాసోకి న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ఒపెరా బృందం కొలతలు చూపాయి. చివరికి ప్రధాన దోషి సరిగా బిగించని ఒక ఫైబర్ కేబుల్. పరికరాలు సరిచూసుకోవడం సైన్సులో మామూలు పనే, దానికి తత్వశాస్త్రం దేనికని అడగొచ్చు. కానీ ఏ ఫలితం వచ్చినప్పుడు పరికరాన్ని అనుమానించాలి, ఏది వస్తే నమ్మేయాలి అన్నది ఏ మీటరూ చెప్పదు. ఆ న్యూట్రినోలు ఐన్‌స్టైన్ చెప్పినట్టే కాంతిని మించకుండా నడుచుకుని ఉంటే, ఆ కేబుల్‌ని ఎవరైనా అంత పట్టుదలగా ఊడదీసి చూసేవారా అన్నదే నా అనుమానం.