ఒక్క సంతకమే కదా అనుకోకండి!

సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున నెలకి సరిపోతాయని ఫోన్‌లో చదువుతుంటా. 6వ తేదీ వస్తే మాత్రం కాస్త ఉలికిపాటే. ఆ అధ్యాయం మొదలయ్యేదే ‘పూటపడటం’తో. అదేనండీ, ష్యూరిటీ సంతకం!

ఫ్రెండ్ కోసం పూటపడ్డావా, నిద్ర కూడా పోకుండా వెళ్లి బతిమాలుకో, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు బయటపడు అంటుంది. 22వ అధ్యాయం ఇంకా ఘాటు. కట్టలేకపోతే పడుకున్న పరుపు కూడా లాక్కుపోతారట.

పాతకాలం మాటలనుకుంటున్నారా? మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చూడండి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీను ఉన్నవాడిదీ అంతే. వాడు ఈఎంఐలు ఎగ్గొడితే బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది. మీ సిబిల్ స్కోరుకీ దెబ్బే.

మరి మొహమాటం? ఉంటుంది. పక్క సీటువాడు అడిగితే కాదనడం కష్టమే. నేనైతే ‘సంతకం వద్దు తమ్ముడూ, ఈ 5 వేలు ఉంచు, వీలైనప్పుడు ఇవ్వు’ అంటా. చేతిలో ఉంచుకుని ‘రేపు రా’ అనొద్దని 3వ అధ్యాయంలో ఉంది మరి!

ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఈ రాత్రే ఆ ఫ్రెండ్‌కి ఫోన్ కొట్టి, ఈఎంఐలు కడుతున్నాడో లేదో కనుక్కోండి.