బుట్ట దగ్గర మొదలుపెట్టండి

జూనియర్లకు బాస్కెట్‌బాల్‌లో దాడి నేర్పడమంటే వాళ్ళని రెండు జట్లుగా చీల్చి మ్యాచ్ ఆడించెయ్యడం కాదు. మన కాలేజీలో జరుగుతున్నది మాత్రం అదే.

కాస్త లెక్క చూడండి. కోర్టులో పదిమంది, బంతి ఒక్కటి. 40 నిమిషాల ఆటలో అందరికీ సమానంగా పంచినా తలకి నాలుగు నిమిషాలే. ఫస్టియర్ కుర్రాడికి అదీ దక్కదు. సీనియర్లు పాస్ ఇస్తేగా! అదే మధ్యగీత దగ్గర కోర్టుని రెండుగా చేసి, రెండు బంతులిచ్చి, జట్టుకి ముగ్గురేసి ఆడిస్తే పన్నెండుమంది ఆడొచ్చు. బంతి ఎక్కువసేపు చేతిలో ఉంటుంది, పనిచెయ్యకుండా దాక్కోవడానికి చోటుండదు. ముగ్గురాట చిన్నపిల్లల వ్యవహారమని తీసిపారెయ్యకండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదీ ఒక పోటీయే.

ఇక షూటింగు. కోర్టులో అడుగుపెట్టగానే 6.75 మీటర్ల గీత దగ్గర నిలబడి మూడు పాయింట్ల కోసం విసరడం ఫ్యాషనైపోయింది. బలం చాలక బంతిని భుజం మీదనుంచి తోస్తారు. ఆ తోపుడే అలవాటై కూర్చుంటుంది. తర్వాత మాన్పించడం పి.డి. గారి తరం కూడా కాదు. బుట్టకి నాలుగడుగుల దూరంలో నిలబడి, మోచెయ్యి బంతి కింద ఉంచి, మణికట్టు వంచి వదలడం ముందు రావాలి. అక్కడ వరసగా పడుతుంటేనే ఒక్కొక్క అడుగు వెనక్కి. అమ్మాయిల సంగతి మరీ అన్యాయం. వాళ్ళ ఆటకి 6వ నంబరు బంతి అని నియమం ఉండగా, మగపిల్లల 7వ నంబరు బంతే వాళ్ళ చేతిలో పెడుతున్నాం. పైగా "అమ్మాయిలకు షూటింగు రాదండీ" అని మనమే అంటాం!

మరో జబ్బు, పొడుగు కుర్రాడు కనిపిస్తే బుట్టకింద పాతెయ్యడం. అమెరికాలో డిపాల్ యూనివర్సిటీకి జార్జ్ మైకన్ అనే విద్యార్థి వచ్చాడు. ఆరడుగుల పది అంగుళాల మనిషి, కళ్ళద్దాలు, చురుకుదనం తక్కువ. 1942లో అక్కడ కోచ్‌గా చేరిన రే మేయర్ అతన్ని రీబౌండ్లకి మాత్రమే వదిలెయ్యలేదు. స్కిప్పింగ్ తాడు ఆడించాడు, కుడిచేత్తోనూ ఎడమచేత్తోనూ విసుగులేకుండా షాట్లు వేయించాడు. ఆ మైకనే తర్వాత మిన్నియాపోలిస్ లేకర్స్‌కి ఆడి, ప్రొఫెషనల్ ఆటలో తొలి పెద్ద స్టార్ అయ్యాడు. బుట్టకి అటొకటి, ఇటొకటి చేతులు మార్చి వేసే అభ్యాసాన్ని ఈనాటికీ మైకన్ డ్రిల్ అనే అంటారు. దానికి కావలసింది ఒక బంతీ, ఒక బుట్టా, పది నిమిషాలూ. మన పొడుగువాళ్ళలో ఎడమచేత్తో లే-అప్ వెయ్యగలవాళ్ళెందరు?

వచ్చే ఏడు మొదటి నెలంతా జూనియర్లకు పూర్తి మ్యాచ్‌లు మానిపించమని పి.డి. గారిని కోరుతున్నాను. యూనియన్‌వారు ఆటల గ్రాంటులో ముందు రెండు 6వ నంబరు బంతులు కొనాలి. జెర్సీలు తర్వాత చూసుకోవచ్చు.