పల్లమెరిగిన నీరు

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అన్నారు పెద్దలు. ఆ సామెత తెలిసిన మనమే ఇంటి కింద 10 అడుగుల పల్లం తవ్వుకొని, అందులోకి నీరు చేరిందని ఏటేటా విస్తుపోతుంటాము. హైదరాబాదు అపార్ట్‌మెంట్ల సెల్లార్ల గురించే నేనీ మాట అంటున్నది.

నేను విన్న ప్రతి చర్చా ఎన్ని హార్స్‌పవర్ల మోటారు కొనాలన్న దగ్గరే ఆగిపోయింది. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. నీరు ఎటునుంచి వస్తున్నదన్నది మొదటిది.

దారులు మూడు: ర్యాంపు మీదుగా దిగే వీధి నీరు, గోడల పగుళ్ళలో ఊరే నీరు, మ్యాన్‌హోలు నిండి వెనక్కి తన్నే మురుగు. మూడింటికీ ఒకే మందు లేదు. వీధి నీటికి ర్యాంపు మొదట రోడ్డుకన్న ఎత్తయిన గట్టు, దిగువన అడ్డంగా జాలీ కాలువ కావాలి. మురుగును వెనక్కి రానివ్వని వాల్వు ఉండాలి. ఇక ఊటకు లోపలినుంచి సిమెంటు పూత పూస్తే, వెనకనున్న నీటి ఒత్తిడి దానిని పెల్లగిస్తుంది. గోడ వెంబడి కాలువ తీసి సంపులోకి మళ్ళించడమే మేలు. రాతిని తొలిచి కట్టిన సెల్లారు గిన్నె వంటిది. చేరిన నీరు తనంతట ఇంకదు.

ఆ తరువాతనే మోటారు. అదైనా, వాన ముదిరినప్పుడే కరెంటు పోతుంది. జనరేటరును, మీటర్ల పెట్టెలను కూడా సెల్లారులోనే ఉంచినవారికి ఆ మోటారు ఒక బొమ్మ. 2020 అక్టోబరు వరదల్లో నగరమంతటా సెల్లార్లు మునిగాయి. అయినా ఆ పెట్టెలు చాలాచోట్ల అక్కడే ఉన్నాయి.

ఇది కార్లు తడిసే సంగతి మాత్రమే కాదు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో, ఒక శిక్షణ సంస్థ నేలమాళిగలోని గ్రంథాలయంలోకి వీధి నీరు దూకి ముగ్గురు విద్యార్థుల ప్రాణాలు తీసింది. మీటరు వెడల్పున్న తలుపు వెలుపల మీటరు ఎత్తు నీరు నిలిస్తే, దానిపై పడే బలం సుమారు 500 కిలోల బరువుతో సమానం. ఏ మనిషి నెట్టగలడు?

మన సెల్లార్లలో చాలాచోట్ల ఒక మూల గదిలో వాచ్‌మన్ కుటుంబం నిద్రిస్తుంటుంది. నీటికి దారి చూపేలోగా ముందు వారికి పైన ఒక గది చూపాలి. మోటారు చందా కన్న ముందు వసూలు చేయవలసిన చందా అదేనని నా అభిప్రాయం.