కొట్టివేఁతను దాఁచుట తగునా?

దస్తావేజు వ్రాయువాఁడు వ్రాఁతలో నొక మాటను గొట్టివేసినచో, వ్రాసియిచ్చువారిచేత నచ్చటఁ బొడియక్షరములు వేయించును. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములోని 20వ సెక్షను ప్రకారము, అట్టి గుఱుతు లేని కొట్టివేఁతలును వరుసల నడిమి చేర్పులును గల పత్రమును రిజిస్టరు చేయు నధికారి త్రోసివేయవచ్చును. స్వీకరించినచో వాని సంగతి తన రిజిస్టరునందు వ్రాసికొనవలెను. అర యెకరము మెట్టకు నింత జాగరూకత యున్నది. మఱి విశ్వవిద్యాలయములకు సమర్పించు సిద్ధాంతగ్రంథములు, పత్రికలకుఁ బంపు శాస్త్రవ్యాసములు, సంఘముల నియమావళులు, బాలుర పాఠ్యపుస్తకములు మొదలగువానిని దిద్దువారిలోఁ బలువురు ‘పరిష్కరింపఁబడినది’ యను నొక్క మాట ముఖపత్రముపై వేసి, క్రొత్త సాఫుప్రతిని మన చేతఁ బెట్టి యూరకున్నారు. ఏది పోయినదో యేది వచ్చినదో చదువరియే వెదకికొనవలెనఁట! ఈ యాచారము తప్పని మేము చెప్పుచున్నాము. దీనికిఁ బూర్వము చెప్పుచుండిన సాకులలో నొక్కటియు నేఁడు నిలువదనియుఁ జెప్పుచున్నాము.

ఇంతకాలము శ్రమ యను సాకు చెప్పఁబడుచుండెను. తాళపత్రముల నాఁడు అక్షరము విడిచిన లేఖకుఁడు హంసపాదు వేసి యా యక్షరమును జేర్చెడివాఁడు; చదువువానికి దిద్దుబాటు కన్నుల యెదుటనే యుండెడిది. అచ్చు వచ్చిన పిమ్మట హంసపాదులును గొట్టివేఁతలును బ్రూఫులకే పరిమితములై ముద్రాక్షరశాల గడప దాటకపోయెను. పాతపాఠమును గ్రొత్తపాఠమును నొక్కచోటఁ జూపవలెనన్న రెంటిని సరిచూచి మరలఁ గూర్పవలసివచ్చెను. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధన మందిరమువారు 1919లో నారంభించిన మహాభారత సంశోధితముద్రణము 1966లోఁ గాని ముగియలేదు. పుటల క్రిందఁ బాఠాంతరములు, తొలగించిన శ్లోకములకు వేఱుగాఁ జోటు, సందేహము గల మాటల క్రింద నలలవంటి గీఁత, ఇవన్నియు వ్రాఁతప్రతులను జేతితో సరిచూచి చేసిన పనులు. అందఱకు నట్టి యోపిక యెక్కడిదని యడిగినవారికి నాఁడు బదులు చెప్పుట కష్టము.

నేఁ డా కష్టము తీఱినది. గణితము, భౌతికము మొదలగు శాస్త్రములవారు పెక్కండ్రు తమ వ్యాసములను లేటెక్ అను నచ్చుకూర్పు విధానమునఁ గూర్చుకొనుచున్నారు. డోనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన టెక్ అనుదానిపై లెస్లీ లాంపోర్ట్ 1980వ దశకములో దీనిని నిర్మించెను. ఇందు రచయిత వ్రాయు మూలము వట్టి యక్షరములు గల కంప్యూటరు ఫైలు. అట్టి ఫైళ్లు రెండు చేతనున్నచో వానిని సరిపోల్చుట యంత్రమునకు సులభము. 1970వ దశకములో బెల్ లాబొరేటరీలలోఁ బుట్టిన డిఫ్ అను పనిముట్టు, ఏ వరుస పోయినదో యే వరుస వచ్చినదో నాఁటినుండియుఁ జెప్పుచునే యున్నది. అయితే డిఫ్ వరుసలనే చూచును. పేరా యంతయు నొకే వరుసగాఁ టైపుచేసినచో, అం దొక్క మాట మాఱినను బేరా యంతయు మాఱినట్లే చూపును. పైఁగా నా ఫలితము మూలపు వరుసలే గాని యచ్చుపుట కాదు.

ఈ కొఱఁతను లేటెక్‌డిఫ్ తీర్చెను. ఫ్రెడరిక్ టిల్‌మన్ పెర్ల్ భాషలో వ్రాసి 2004 మొదలు పెంచుకొనివచ్చిన యీ పనిముట్టు, పాత ఫైలును గ్రొత్త ఫైలును మాటమాటకు సరిచూచి మూఁడవ ఫైలును బుట్టించును. చేయవలసిన పని యొక్క వరుస టైపుచేయుటయే: మొదట లేటెక్‌డిఫ్ అను పేరు, పిమ్మటఁ బాతఫైలు పేరు, దాని పిమ్మటఁ గ్రొత్తఫైలు పేరు, తుదకు బాణపుగుఱుతు వేసి ఫలితము నిలువవలసిన ఫైలు పేరు. ఆ మూఁడవ ఫైలును మామూలుగాఁ గూర్చినచో వచ్చు పుటలో, చేర్చిన మాటలు నీలివర్ణమున నలలగీఁతపై నిలుచును. తీసివేసిన మాటలు ఎఱ్ఱనై నడుమ నడ్డుగీఁతతోఁ గనఁబడును. పాతప్రతులు గిట్ వంటి భాండారములో నున్నచో, లేటెక్‌డిఫ్-వీసీ అను తోడిపనిముట్టు తానే పాతప్రతిని వెలికిఁ దీసి సరిచూచును. నిమిషములలో నగు పనిని శ్రమ యనుట సోమరితనమునకు వేసిన ముసుఁగు.

‘మేము మార్పుల పట్టిక వ్రాసి జతచేయుచున్నాము, అది చాలదా?’ యని కొందఱందురు. చాలదు. పట్టికలో రచయితకు జ్ఞాపకమున్నవి యుండును, చూపఁదలఁచినవి యుండును. ఒక పరిశోధకుఁడు తొలిప్రతిలో ‘ఈ ఫలితము మెట్టభూములకే వర్తించును’ అని వ్రాసి, మలిప్రతిలో నా వాక్యమును దీసివేసినాఁ డనుకొందము. పట్టికలో నతఁడు ‘భాష సవరింపఁబడినది’ యని వ్రాయును. భాష సవరించినమాట నిజమే. కాని యా వాక్యము పోవుటచేత ఫలితము మాగాణికిఁ గూడ వర్తించునని చదువరి నమ్మును. ఒక సంఘపు నియమావళిలో ‘కార్యదర్శియుఁ గోశాధికారియు’ సంతకము చేయవలెనని యున్నచోట ‘కార్యదర్శి లేక కోశాధికారి’ యని మాఱినచో, మాఱినవి రెండు మాటలే. మాఱిన దెవరి చేతిలో డబ్బున్నదను సంగతి. మఱికొందఱు క్రొత్తగాఁ జేర్చిన మాటలకుఁ దమ చేతితోనే రంగు వేసి పంపుచున్నారు. చేర్చినదానికి రంగు వేయవచ్చును. తీసివేసినది పుటపై లేనేలేదు గదా, దేనికి రంగు వేయుదురు? యంత్రమునకు మొగమాటము లేదు. కామా మాఱినను జూపును, వాక్యము పోయినను జూపును.

ఎఱ్ఱగీఁతలతో నిండిన పుట కన్నులకు వికారమనియుఁ జదువరి తికమకపడుననియు వేఱొక యభ్యంతరము. సాఫుప్రతిని మానుమని యెవరనిరి? చదువుటకు సాఫుప్రతియు సరిచూచుటకు గీఁతలప్రతియు రెండును నీయవలెను. మన పార్లమెంటులో సంయుక్తసంఘము బిల్లును దిద్ది పంపునపుడు, మాఱిన మాటల క్రిందనో ప్రక్కనో గీఁత గీయుదురు. తీసివేసినచోట నక్షత్రపుగుఱుతు లుంతురు. వికారమని శాసనకర్తలు దానిని మానలేదు. అయినను నక్షత్రము చోటును జూపును గాని పోయిన మాటను జెప్పదు. దానికై పాతబిల్లును దెచ్చుకొనవలసినదే. లేటెక్‌డిఫ్ ఆ మాటనే నిలిపి గీఁత గీయుచున్నది కనుక, ఈ విషయమున శాసనసభల పద్ధతికంటెను మేలైనది.

‘నా వ్రాఁతను నేను దిద్దుకొనుటకుఁ బరుల యనుమతి యేల?’ యను వాదమును గలదు. చిత్తుప్రతి రచయిత యింట నున్నంతవఱకు దాని నాతఁ డెంత చెఱిపినను మాకుఁ బనిలేదు. ఒకమాఱు పరుల చేతికిచ్చిన పిమ్మట, దానిని నమ్మి మాటలాడినవారును, దానిపై నాధారపడి వ్రాసినవారును నుందురు. అన్యుల గ్రంథమును దిద్దు పరిష్కర్త బాధ్యత యింకను బెద్దది. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము 1887లో నచ్చైనపుడు పీఠికాభాగమును గొన్ని పద్యములును విడువఁబడెను. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాఁతప్రతి సంపాదించి సరిచూచి 1910లోఁ బూర్ణగ్రంథమును బ్రకటించెను. 1911లోఁ బ్రభుత్వము దానిని నిషేధించెను. నిషేధము 1947లోఁ గాని తొలఁగలేదు. ఆ పద్యము లుండఁదగినవా కావా యను వాదమును మే మిచ్చట నెత్తము. నిషేధము బహిరంగమైనది కనుక దానితోఁ బోరాడ వీలయ్యెను. చడిచప్పుడు లేకఁ దీసివేసిన పద్యమునకై పోరాడవలెనన్న, అది యుండెనని ముందుగాఁ దెలియవలెను గదా!

దీనికొక మినహాయింపు న్యాయమే. రోగి పేరో, యొకరి యింటి చిరునామాయో తీసివేసినచో, దానిని మరల నెఱ్ఱసిరాతోఁ జూపుమని మే మనము. యంత్ర మా భేద మెఱుఁగదు. కావునఁ బంపుటకు ముందు రచయిత గీఁతలప్రతిని చూచికొని, యట్టిమాటను మఱుఁగుపఱచి, యిచ్చటఁ గొంత తీసివేయఁబడినదని చెప్పిన చాలును.

ఈ పనిముట్టు నిర్దుష్టమనియు మేము చెప్పము. పేరాను పైనుండి క్రిందికి జరిపినచో నొకచోటఁ గొట్టివేఁతగను మఱియొకచోటఁ జేర్పుగను జూపును, జరిగినదని గ్రహింపదు. సమీకరణములును బట్టికలును మిక్కిలి మాఱినచోట మూఁడవ ఫైలు కూర్పునకు లొంగక మొండికెత్తుటయుఁ గలదు. అపుడు సమీకరణమును ముక్కలు చేయక మొత్తముగా మాఱినట్లు చూపుమని యాజ్ఞలోనే చెప్పవచ్చును. అధ్యాయములు వేఱువేఱు ఫైళ్లలో నున్నచో వాని నొకటిగాఁ గలిపి సరిచూడుమనియుఁ జెప్పవచ్చును. రంగులు లేని ముద్రణమున నెఱుపును నీలమును నొక్కటే యగునను భయము వలదు. అలలగీఁతయు నడ్డుగీఁతయు నపుడును వేఱుగానే యుండును. అడ్డుగీఁత యక్షరములను మఱుఁగుపఱచునన్నచో, కొట్టివేఁతను జిన్నయక్షరములతోఁ జూపు తీరును గలదు. కొడవలి మొద్దుపోయిన నూఱుదురు గాని కోఁత మానుకొనరు.

తుదకు మిగులునది పరువు. దిద్దుకొన్న సంగతి తెలిసినచోఁ జులకన యగుదుమని లోలోపలి భయము. టెక్ నిర్మించిన క్నూత్, ఆ ప్రోగ్రాములోఁ బయటపడిన తప్పుల చిట్టాను 1989లోఁ దానే యచ్చొత్తించెను. తన పుస్తకములలోఁ దప్పు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు వ్రాసి యిచ్చుట నాచారముగాఁ జేసికొనెను. దానివలన నతని పరువు పోలేదు. ఆ చెక్కులను బెక్కండ్రు సొమ్ము చేసికొనక పటము కట్టించుకొనిరి.

కావున విశ్వవిద్యాలయములవారు, దిద్ది తెచ్చిన సిద్ధాంతగ్రంథముతోఁ గూడ గీఁతలప్రతిని గోరవలెను. పత్రికాసంపాదకులు గీఁతలప్రతి లేని మలివ్యాసమును బరీక్షకులకుఁ బంపక రచయితకే తిప్పి పంపవలెను. పాఠ్యపుస్తకములను, బాతకావ్యములను మరల నచ్చువేయువారు ఏ కూర్పుయంత్రమును వాడినను, తీసివేసినదానిని జదువరికిఁ జూపవలెను. లేటెక్‌డిఫ్ వెల లేకయే లభించుచున్నది కనుక ఖర్చను మాటయు లేదు. లేటెక్ నేర్పు నుపాధ్యాయులు మొదటి మాసముననే యీ యొక్క వరుసను గూడ నేర్పవలెను. అన్నిటికంటె ముందుగాఁ, బాతప్రతిపైనే క్రొత్తదానిని వ్రాసి చెఱుపు నలవాటును రచయితలు మానవలెను. పాతప్రతి లేనిచో నే పనిముట్టును సాయపడఁజాలదు. ఈ మాసమున దిద్దు వ్యాసమునుండియే మొదలిడుఁడని మా చదువరులను వేఁడుచున్నాము.