ఉత్తుత్తి పరుగు కాదది

మాక్‌ డ్రిల్‌ అనగానే తీర గ్రామాల్లో చాలామందికి నవ్వులాట. సైరన్‌ మోగుతుంది, అధికారులు జీపులు దిగుతారు, నలుగురు కలిసి ఒకరిని స్ట్రెచర్‌ మీద మోస్తారు, ఫొటోలు తీసుకుంటారు, టీ తాగి వెళ్లిపోతారు. రేపు నిజంగా ఆపద వస్తే ఇదంతా ఎవరికి గుర్తుంటుందన్నది జనం ప్రశ్న. ప్రశ్న సబబే. కానీ గంజాం తీరం పడ్డ పాట్లు చూసినవారు దీన్ని నవ్వి వదిలేయలేరు.

1999 అక్టోబరును బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్‌ పెద్దలు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ నెల మూడో వారంలో ఒక తుపాను గంజాంను దెబ్బతీసింది. జనం తేరుకోకముందే 29న పారాదీప్‌ వైపు సూపర్‌ సైక్లోన్‌ విరుచుకుపడింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల ప్రాణాలు పోయాయి. పద్నాలుగేళ్ల తర్వాత, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్‌ గంటకు 200 కిలోమీటర్ల గాలులతో గోపాల్‌పూర్‌ దగ్గరే తీరం దాటింది. ఈసారి ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. రెండు తుపానుల తీరూ ఒకటి కాదు, నిజమే. హెచ్చరికలు మెరుగయ్యాయి, షెల్టర్లు కట్టారు, 2001లో ప్రత్యేక సహాయక దళం ఏర్పడింది. వాటితోపాటు ఊళ్లలో కసరత్తూ జరిగింది. ముసలమ్మను ఎవరు ఎత్తుకోవాలి, పశువులను ఎవరు విప్పాలి, రేషన్‌ కార్డు ఏ సంచిలో పెట్టాలి... ఇవి గాలి మొదలయ్యాక కూర్చుని ఆలోచించుకునే సంగతులు కావు.

అదే 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు పక్కనే ఉన్న గజపతి జిల్లాలో ఏం జరిగింది? వాన నుంచి కాపాడుకుందామని బారాఘర గ్రామస్తులు కొండ గుహలో తలదాచుకున్నారు. కొండచరియ విరిగి వారి మీదే పడింది. సముద్రం ఒడ్డున ఉన్నవారికి ఎటు పోవాలో తెలుసు. కొండవాలు మీది వారికి ఆ అలవాటు లేకపోయింది.

తుపానుకైతే రోజుల వ్యవధి ఉంటుంది. పైగా రెండు మూడేళ్లకోసారి అదే వచ్చి పాఠం చెప్పిపోతుంది. సునామీ అలా కాదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించిన సుమారు రెండున్నర గంటలకే కెరటాలు విశాఖ, చెన్నై తీరాలను తాకాయి. హెచ్చరిక హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ నుంచి బయల్దేరి, భువనేశ్వర్‌ మీదుగా ఊరి మైకు దాకా చేరడానికి పట్టే సమయాన్ని అందులో తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. ఎప్పుడూ చూడని ఆపదకు ఉత్తుత్తి పరుగు తప్ప వేరే బడి లేదు.

ఆ బడిలో గంజాం వెనకబడి లేదు. 2020లో వెంకటరాయపురం, జగత్సింగ్‌పూర్‌ జిల్లా నొలియాసాహి గ్రామాలను యునెస్కో సముద్ర విభాగం ‘సునామీ రెడీ’గా గుర్తించింది. హిందూ మహాసముద్ర దేశాల్లో ఈ గుర్తింపు పొందిన మొదటి ఊళ్లు ఇవే. అయితే ఆ పత్రం శాశ్వతం కాదు. గడువు తీరాక మళ్లీ నెగ్గాలి, కనీసం రెండేళ్లకోసారి ఊరంతా కసరత్తు చేయాలి. పత్రానికి రెండేళ్లకోసారి చాలవచ్చు, ప్రాణానికి చాలదు. రెండేళ్లలో కొత్త కోడళ్లు వస్తారు, పిల్లలు నడక నేరుస్తారు, దారి మీద ఎవరో గోడ కడతారు.

2011 మార్చి 11న జపాన్‌లోని కమైషిలో దాదాపు 3 వేల మంది బడిపిల్లలు సునామీ నుంచి బయటపడ్డారు. వారు ఏళ్ల తరబడి సాధన చేసినవారు. ఒక బడి పిల్లలు ముందు నిర్ణయించిన చోటికి చేరాక అది కూడా చాలదనిపించి, చిన్నపిల్లల చేతులు పట్టుకుని ఇంకా పైకి పరుగెత్తారు. సాధన చేస్తే మొద్దుబారిపోతారనేవారు ఈ సంగతి గమనించాలి. కాళ్లకు దారి తెలిసి ఉంటేనే బుర్రకు ఆలోచించే తీరిక దొరుకుతుంది.

గంజాం తీరంలో ఒడియావారు నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారుల ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో, వల దగ్గర, పడవ మీద అంతా తెలుగే. మైకులో ఒడియా వినిపిస్తే కుర్రాళ్లు అందుకుంటారు గానీ, మూలనున్న ముసలాళ్ల సంగతేమిటి? కసరత్తు రోజున తెలుగులోనూ చాటాలి. పట్టపగలు ఒక్కటే కాకుండా కరెంటు తీసేసి ఒక రాత్రి కూడా చేయించాలి. ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా మరపడవల వేట ఆగుతుంది. పారాదీప్‌కూ, ఇతర రేవులకూ వెళ్లిన కలాసీలు ఇళ్లు చేరే రోజులవి. వర్షాకాలం ముందు, మగవాళ్లంతా ఊళ్లో ఉన్నప్పుడు, షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో తేల్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.